ఏసీ రాగి పైపు గీకేటప్పుడు మూతి నేలవైపు ఉండాలి

ఇల్లు మారినప్పుడు స్ప్లిట్ ఏసీ బిగించిన కొన్నాళ్లకే గ్యాస్ పోవడం, ఎండాకాలం రాగానే మళ్లీ డబ్బు పోసి నింపించుకోవడం చాలామందికి ఉన్న తలనొప్పే. ఎక్కువగా కారేది పైపు చివర నట్టు బిగించే ఫ్లేర్ మూతి (గరాటులా వెడల్పు చేసిన అంచు) దగ్గరే.

మెకానిక్ పైపు కోశాక లోపలి అంచున రాగి పొరలా లేచి ఉంటుంది, దాన్ని రీమర్‌తో (అంచు నున్నగా చేసే పనిముట్టు) గీకేటప్పుడు మూతి కిందికి ఉండేలా చూడండి, లేకపోతే ఆ రజను లోపలికి పోయి కంప్రెసర్‌కు చేటు. నట్టు ముందే పైపుకు ఎక్కించి (మర్చిపోయి మళ్లీ కోసేవాళ్లు బోలెడు మంది) అప్పుడు ఫ్లేర్ చేసి, మూతికి ఆ గ్యాస్‌కు సరిపడే ఆయిల్ ఒక చుక్క రాయాలి. టెఫ్లాన్ టేపు మాత్రం వద్దు. నట్టు వేళ్లతోనే 3, 4 చుట్లు తేలిగ్గా తిరగాలి, తర్వాతే పానాలు, అదీ రెండు: ఒకటి పట్టుకోవడానికి, ఒకటి తిప్పడానికి. టార్క్ పానా (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా) ఉంటే పావు అంగుళం పైపుకు 16, అర అంగుళానికి 55 న్యూటన్ మీటర్ల దగ్గర ఆపితే చాలు. పైపులోని గాలిని లాగేసే వాక్యూమ్ పంపు ఓ 20 నిమిషాలు నడిపి, ఆపాక 10 నిమిషాలు గేజ్ ముల్లు కదలకపోతేనే గ్యాస్ వదలమనండి. ఆపైన సబ్బు నురగ పెట్టి చూడండి.

పాత పైపుకున్న పాత మూతినే మళ్లీ బిగిస్తే మాత్రం ఇదేదీ పనిచేయదు, అక్కడ రాగి గట్టిపడి సన్నగా చీలి ఉండొచ్చు, ఓ రెండంగుళాలు కోసేసి కొత్తగా ఫ్లేర్ చేయించాల్సిందే.