సూదిమందు భద్రత – 3వ పాఠం: ఏడీ సిరంజిలో ప్లంజర్ ఒక్కసారే వెనక్కి వస్తుంది

గత పాఠంలో మామూలు డిస్పోజబుల్ (ఒకసారి వాడి పారేసే) సిరంజి విప్పి మందు నిండే గొట్టం అంటే బ్యారెల్, లాగి నెట్టే కాడ అంటే ప్లంజర్, దాని కొసనున్న రబ్బరు గ్యాస్కెట్, సూదిని పట్టుకుని ఉండే హబ్ చూశాం. ఈసారి టీకాల రోజున ఏఎన్‌ఎం చేతిలో ఉండే 0.5 మి.లీ. ఏడీ సిరంజి తీసుకుందాం. ఏడీ అంటే ఆటో డిజేబుల్. మందు ఒకసారి ఎక్కించాక ఇది తనంతట తానే పనికిరాకుండా పోతుంది.

సూది మార్చేసి సిరంజి అదే వాడితే ఏమవుతుందిలే అనే అలవాటు ఎందరికో హెపటైటిస్ బి, సి అంటించింది. సూది ఒంట్లో ఉండగా కంటికి కనపడనంత రక్తం హబ్ దాటి బ్యారెల్‌లోకి రావచ్చు. సూది మార్చినంత మాత్రాన అది పోదు. అందుకే 1999లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్, ఐక్యరాజ్యసమితి జనాభా నిధి (యుఎన్‌ఎఫ్‌పీఏ) కలిసి, 2003 ముగిసేలోగా టీకాలన్నిటికీ ఏడీ సిరంజిలే వాడాలని అన్ని దేశాలనూ కోరాయి.

లోపల ఏముంది?

రెండు రకాలు ఎక్కువగా కనిపిస్తాయి. మొదటి రకంలో ప్లంజర్ గాడిలో చిన్న లోహపు క్లిప్ ఉంటుంది. దాని కొసలు గాలపు ముల్లులా వెనక్కి తిరిగి ఉంటాయి. మందు కోసం ప్లంజర్ లాగితే క్లిప్ బ్యారెల్ గోడను పట్టుకుని ఉన్నచోటే ఆగుతుంది, ప్లంజర్ ఒక్కటే దాని మీదుగా జారి వెనక్కి వస్తుంది. గాడి అయిపోయిన చోట ఆగిపోతుంది. డోసు దగ్గర ప్లంజర్ దానంతటదే ఆగడానికి కారణం ఇదే. ముందుకు నెట్టినప్పుడు మాత్రం క్లిప్ కూడా ప్లంజర్‌తో పాటే కదులుతుంది. మళ్లీ లాగబోతే ముళ్లు గోడలో దిగుతాయి, జారడానికి గాడి మిగలదు. అంటే ఎంత మేర ముందుకు నెట్టారో అంత మేర మళ్లీ వెనక్కి తీసుకోలేరు.

రెండో రకంలో బ్యారెల్ లోపల చిన్న అంచు ఉంటుంది. ప్లంజర్ పూర్తిగా చివరికి వెళ్లాక దానికి చిక్కుకుంటుంది. బలంగా లాగితే ప్లంజర్ కాడ బలహీనంగా చేసిన చోట పుటుక్కున విరుగుతుంది.

ఏ రకమైనా వాడే పద్ధతి ఒకటే పెట్టుకోండి. ప్యాకెట్ చూసి రకం గుర్తుపట్టే తీరిక సెషన్‌లో దొరకదు.

మందు తీయడం

ముందుగా సరైన సిరంజి. బీసీజీకి, చర్మంలోపల ఇచ్చే పోలియో టీకా ఎఫ్‌ఐపీవీకి 0.1 మి.లీ. ఏడీ సిరంజి కావాలి. పెంటావాలెంట్ (ఐదు జబ్బుల టీకా), ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా), డీపీటీ, టీడీలకు 0.5 మి.లీ.ది. ఎంఆర్, బీసీజీ పొడిలో దాన్ని కరిగించే ద్రవం (డైల్యూయెంట్) కలపడానికి మాత్రం విడిగా డిస్పోజబుల్ సిరంజి తీసుకోవాలి. ఏడీది ఆ పనికి రాదు.

ప్యాకెట్ చిరగలేదని, గడువు దాటలేదని చూసి ప్లంజర్ వైపు నుంచి విప్పండి. సూది మూత తీసి నేరుగా వయల్‌లో (మందు సీసాలో) గుచ్చండి. మామూలు సిరంజి వాడి అలవాటైన చేతులు తప్పు చేసేది సరిగ్గా ఇక్కడే: ముందు గాలి లాగి, వయల్‌లోకి ఊది, ఆ తర్వాత మందు తీస్తారు. ఏడీ సిరంజితో అలా చేస్తే ఉన్న ఒక్క అవకాశమూ గాలికే ఖర్చవుతుంది. సూది వయల్‌లోకి వెళ్లేదాకా ప్లంజర్‌ను కదపకండి.

వయల్‌ను తలకిందులు చేసి, సూది మొన మందు మట్టం కింద ఉండేలా చూసుకుంటూ నెమ్మదిగా లాగండి. వయల్ అడుగంటుతున్నకొద్దీ సూదిని కొంచెం కొంచెంగా కిందికి లాగుతూ ఉండాలి. మొన మట్టం పైకి తేలితే వచ్చేది గాలి. ప్లంజర్ 0.5, 0.6 మి.లీ. మధ్య ఆగుతుంది. సూది బయటికి తీసి, సిరంజి నిటారుగా పట్టుకుని బ్యారెల్‌ను వేలితో తట్టండి. బుడగలు పైకి చేరాక 0.5 గీత వరకు మెల్లగా నెట్టండి. ఆ కొంచెం అదనం ఇచ్చింది ఇందుకే.

పెద్ద బుడగ వచ్చి, అది పోయేసరికి మందు 0.5 కన్నా తగ్గిందనుకోండి. ఆ సిరంజి ఇక దిద్దుబాటుకు రాదు. దాన్ని పక్కన పెట్టి కొత్తది తీసుకోండి. పది డోసుల వయల్‌లో ఒకటి పోయిందని బాధ కలుగుతుంది, నిజమే. అయినా బిడ్డకు తక్కువ డోసు ఇవ్వడం కన్నా అదే నయం. సూది దింపాక రక్తం వస్తోందేమోనని వెనక్కి లాగి చూడకండి, టీకాకు ఆ అవసరం లేదు. ప్లంజర్ చివరిదాకా నొక్కండి. సగంలో ఆపితే డోసూ తగ్గుతుంది, రెండో రకంలో తాళమూ పడదు.

తాళం పడ్డాక

ఇక్కడ చాలామంది పొరబడతారు. ఏడీ తాళం కాపాడేది తర్వాత వచ్చే బిడ్డను. మీ వేలిని కాదు. ప్లంజర్ బిగిసినా సూది మొన అంతే పదునుగా, రక్తంతో బయటే ఉంటుంది. వ్యాధి ఉన్నవారికి గుచ్చిన సూది గుచ్చుకుంటే, టీకా వేయించుకోని వారికి హెపటైటిస్ బి సోకే అవకాశం నూటికి 30 దాకా ఉంటుంది. హెచ్‌ఐవీ అయితే వెయ్యికి సుమారు 3.

అందుకని మూత మళ్లీ పెట్టకండి. సిరంజిని ట్రేలో ఉంచకండి, ఎవరి చేతికీ ఇవ్వకండి. సూదిని హబ్ దగ్గర కత్తిరించే హబ్ కట్టర్ చేతికి అందేంత దూరంలో ఉండాలి. సూదిని రంధ్రంలోకి నిటారుగా, హబ్ లోపలికి దిగేదాకా పెట్టి నొక్కండి. తెగాల్సింది ప్లాస్టిక్ హబ్, సూది లోహం కాదు. సగం దింపి నొక్కితే సూది తెగి, తెగిన ముక్క సిరంజికే మిగిలిపోతుంది. అది ప్లాస్టిక్ వ్యర్థాలు వేసే ఎర్ర సంచిలోకి వెళ్లి, సంచి మోసే వారి కాలికి గుచ్చుకుంటుంది. సూది కట్టర్ డబ్బాలోనే పడుతుంది, ప్లాస్టిక్ భాగం ఎర్ర సంచిలోకి. డబ్బా ముప్పావు వంతు నిండితే ఇక ఆపండి. సెషన్ చోట దాన్ని తెరవకూడదు, మూసినట్టే పీహెచ్‌సీకి చేరాలి.

గుచ్చుకుంటే పిండకండి, వేలు నోట్లో పెట్టుకోకండి, బ్లీచింగ్ రాయకండి. పారే నీటి కింద సబ్బుతో కడిగి వెంటనే మెడికల్ ఆఫీసర్‌కు చెప్పండి. హెచ్‌ఐవీ నివారణ మందులు 2 గంటల్లోపు మొదలైతే మంచిది, 72 గంటలు దాటకూడదు.

ఈ వారం అభ్యాసం

శిక్షణకు కేటాయించిన ఏడీ సిరంజిలు రెండు, డిస్టిల్డ్ వాటర్ వయల్ ఒకటి, దూది ఉండ ఒకటి తీసుకోండి. మొదటి దానితో పైన చెప్పినట్టే చేసి, దూదిలోకి నొక్కాక ప్లంజర్ లాగి చూడండి. బిగిసిందా, విరిగిందా రాసుకోండి. రెండో దానితో కావాలనే తప్పు చేయండి: 0.2 మి.లీ. గాలి లాగి వయల్‌లోకి నెట్టి, ఆ తర్వాత నీళ్లు తీయండి. ప్లంజర్ ఏ గీత దగ్గర ఆగిందో రాసుకోండి. పూర్తిగా 0.5 వచ్చినా, లాగబోతే కాడ విరిగినా మీ దగ్గరున్నది రెండో రకం అయి ఉండవచ్చు. రెండింటినీ హబ్ కట్టర్‌లో కత్తిరించాకే బల్ల మీద నుంచి లేవండి.