శిక్షపడి ఆస్ట్రేలియా చేరిన ఐరిష్ మహిళ జాడ తీయడం ఎలా?

ముందు ఆమె ఎక్కిన ఓడ పేరు పట్టుకోండి, ఉత్త పేరుతో వెతికితే మేరీ కెల్లీలు బోలెడుమంది తగిలి తల తిరుగుతుంది. ఐర్లాండ్ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఇలా ఓడల్లో పంపేసిన ఖైదీల 1791–1853 డేటాబేస్ ఉంది. 1836కు ముందు ఖైదీల రిజిస్టర్లు 1922లో డబ్లిన్‌లో కాలిపోయాయి, అందుకే దొరకలేదని టెన్షన్ పడకండి.

1840 తర్వాత వెళ్లిన మనిషైతే నేరుగా ఆస్ట్రేలియాలోని టాస్మానియా దీవి రికార్డులు తెరవండి, అప్పట్నుంచి ఖైదీ ఆడవాళ్లను అటే పంపారు, అసలు సరుకంతా అక్కడే. ప్రవర్తన రిజిస్టర్‌లో ఆమె ఎత్తు, కళ్ల రంగు, చేసిన నేరం, పనికి కుదిరిన ఇంట్లో ఎదురు చెప్పిందనో తాగిందనో మళ్లీ పడిన శిక్ష, హోబార్ట్‌లో కాస్కేడ్స్ ఫీమేల్ ఫ్యాక్టరీకి (పేరుకే ఫ్యాక్టరీ, ఆడ ఖైదీల జైలు) పంపిన వైనం, చాలాసార్లు అన్నీ ఒకే పేజీలో గొలుసుకట్టు రాతతో కిక్కిరిసి ఉంటాయి. రాసింది అధికారులు, ఆమె కాదు, కాబట్టి తిట్లన్నీ నమ్మేయకండి.

తర్వాత పెళ్లి చేసుకోడానికి ఖైదీలు సర్కారుకు పెట్టుకున్న అనుమతి అర్జీలు చూడండి. అక్కడినుంచి భర్త ఇంటిపేరుతో వెతకాలి.