రోజంతా పోగైన టెన్షన్‌ను పక్క మీదకి తీసుకెళ్లకుండా ఉండాలంటే ఏం చేయాలి?

సాయంత్రం ఇంటికి రాగానే పిల్లాడు రెండోసారి పిలిచాడని కసిరేస్తాం. నిజానికి వాడు చేసిన తప్పేమీ ఉండదు. పొద్దున మేనేజర్ పెట్టిన మెసేజ్, మధ్యాహ్నం వచ్చిన ఈఎంఐ ఎస్సెమ్మెస్, దారిలో గంట ట్రాఫిక్, అన్నీ కలిసి వాడి మీద పడతాయి. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం అంటే ఇదే.

టెన్షన్ అసలే లేకుండా చేసుకోవడం ఎవరి వల్లా కాదు. కుక్క వెంటపడితే మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌, కార్టిసాల్‌ అనే హార్మోన్లు వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, కాళ్లకి బలమొస్తుంది, పరుగెత్తి బయటపడతాం. కుక్క పోయాక ఒళ్లు మెల్లగా నెమ్మదిస్తుంది. ఈఎంఐ అలా పోయేది కాదు కదా. నెలనెలా వస్తూనే ఉంటుంది. అందుకే ఒంటిని నెమ్మదించే పని రోజులో రెండు మూడు సార్లు మనమే పెట్టుకోవాలి.

1. ముందు అది ఎక్కడ కనిపిస్తోందో పట్టుకోండి
కొందరికి మెడ పట్టేస్తుంది, కొందరికి కడుపులో మంట, కొందరికి ఊరికే చిరాకు. తెలియకుండా పళ్లు బిగించేవాళ్లూ ఉంటారు. ఒక వారం పాటు, అలా అనిపించినప్పుడల్లా టైమూ, అంతకుముందు ఏం జరిగిందీ చిన్న పుస్తకంలో రాయండి. చాలామందికి రోజూ ఒకే వేళ, ఒకే మనిషి, ఒకే పని తేలుతుంది. దేని వల్లో తెలియకుండా 'నాకు టెన్షన్ ఎక్కువ' అనుకుంటూ ఉంటే సర్దుకోవడానికి ఏమీ దొరకదు.

2. ఊపిరి వదలడం నేర్చుకోండి
నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో గాలి పీల్చండి, ఆరు లెక్కపెడుతూ వదలండి. ఒక్కో లెక్క ఒక్కో సెకను. అంటే నిమిషానికి ఆరుసార్లు. ఊపిరి వదిలేటప్పుడు, మెదడు నుంచి గుండెకి వెళ్లే వేగస్ నాడి గుండెను కాస్త నెమ్మదింపజేస్తుంది, అందుకే వదలడం ఎక్కువసేపు ఉండాలి. పద్మాసనం వేయక్కర్లేదు, కళ్లు మూసుకోనక్కర్లేదు. బస్సులో కూర్చుని చేసినా ఎవరికీ తెలియదు. తల తిరిగినట్టుంటే ఆపేసి మామూలుగా పీల్చుకోండి.

ఒక్క విషయం. మొదటిసారి దీన్ని గొడవ మధ్యలో ప్రయత్నించి 'పనిచేయట్లేదు' అనకండి. ఈత నేర్చుకునేది వరదలో కాదు. వారం రోజులు ప్రశాంతంగా ఉన్నప్పుడు ఐదేసి నిమిషాలు చేస్తే, అవసరమైన రోజున అదే గుర్తొస్తుంది.

3. దిగులుకి ఒక వేళ పెట్టండి
నా లెక్కలో అన్నిటికంటే పనికొచ్చేది ఇదే, అయినా వినగానే అందరూ నవ్వుతారు. సాయంత్రం ఆరున్నరకో ఏడుకో ఇరవై నిమిషాలు కాగితం, పెన్ను పట్టుకుని కూర్చోండి. బుర్రలో తిరిగేవన్నీ రాసేయండి: అమ్మాయి ఫీజు, నాన్న షుగర్ టెస్టు, అపార్ట్‌మెంట్‌లో నీళ్ల గొడవ. ఒక్కోదాని పక్కన రేపు చేయగలిగిన అతి చిన్న పని ఒకటి రాయండి. 'ఫీజు సంగతి చూడాలి' అని కాదు, 'పదింటికి స్కూల్‌కి ఫోన్ చేసి వాయిదాల్లో కట్టొచ్చా అని అడగాలి' అని రాయాలి. మన చేతిలో ఏమీ లేకపోతే 'నా చేతిలో లేదు' అని రాసి ముందుకెళ్లండి.

రాత్రి పడుకున్నాక అదే సంగతి మళ్లీ తలుపు తడితే 'రేపు ఆరున్నరకి రా' అనండి. మొదట్లో వినదు. పదిరోజులు ఓపిక పట్టండి. పక్క మీద మాత్రం ఈ కాగితం పెట్టొద్దు.

4. టీ, నడక, నిద్ర
తాగిన టీ, కాఫీలోని కెఫీన్‌లో సగం దాదాపు ఐదు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది. ఆరింటి టీ పదకొండింటికి మేల్కొని ఉంటుందన్నమాట. మధ్యాహ్నం మూడు దాటాక మానేసి చూడండి. వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, రోజుకి ఇరవై రెండు నిమిషాలు చాలన్నమాట. నిద్ర కోసం పెగ్గు వేసుకునేవాళ్లకి ఒక మాట: త్వరగా నిద్ర పట్టినా అది అర్ధరాత్రి చెడుతుంది.

5. ఒకరితో చెప్పుకోండి, ఎలా వినాలో ముందే చెప్పండి
మనవాళ్లకి కష్టం చెబితే వెంటనే సలహా, ఆ వెంటనే 'మా రోజుల్లో' మొదలవుతాయి. 'అక్కా, ఇప్పుడు సలహా వద్దు, పది నిమిషాలు విను చాలు' అని ముందే అడగండి. ఏమీ అనుకోరు.

6. ఇవేవీ సరిపోకపోతే
రెండు వారాలకు పైగా నిద్ర పట్టకపోయినా, ఆకలి చచ్చిపోయినా, ఇష్టమైన పని మీద కూడా మనసు పోకపోయినా డాక్టర్‌ని కలవాలి. బతకాలని లేదన్న ఆలోచన వస్తే రెండు వారాలు ఆగకండి, వెంటనే పక్కనున్నవాళ్లకి చెప్పండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌ నంబరు 14416. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. ముందు కౌన్సెలర్ వింటారు, అవసరమైతే సైకియాట్రిస్టుకి కలుపుతారు. ఏం మాట్లాడాలో తోచకపోతే 'రెండు వారాలుగా నిద్ర పట్టట్లేదండీ' అని మొదలుపెట్టండి. మిగతాది వాళ్లే అడుగుతారు.