ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌కి వచ్చే కాలేజీ సేఫ్టీలను అంచనా వేయడం ఎలా?

అమెరికన్ ఫుట్‌బాల్ డిఫెన్స్‌లో అందరికంటే వెనక కాపలా కాసేవాడు సేఫ్టీ. అతణ్ని దాటితే ఇక ఆపడానికి ఎవరూ ఉండరు, ప్రత్యర్థికి ఆరు పాయింట్ల టచ్‌డౌనే. ఇంత బాధ్యత మోసే ఆటగాణ్ని చాలామంది రెండు అంకెలతో తేల్చేస్తారు: ఎన్ని ఇంటర్‌సెప్షన్లు (ప్రత్యర్థి పాస్‌ని మధ్యలో అందుకోవడం) పట్టాడు, 40 గజాలు ఎన్ని సెకన్లలో పరిగెత్తాడు. నా దృష్టిలో ఆ రెండూ చివర్లో చూడాల్సినవి. బంతి గాల్లోకి లేవకముందు సేఫ్టీ ఏం చేశాడో చూడటం ముందు అలవాటు చేసుకోవాలి. దానికి టీముల కోసం ఆటగాళ్లను పరిశీలించే స్కౌట్ ఉద్యోగం అక్కర్లేదు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో శనివారాలు పిల్లలతో కూర్చుని కాలేజీ మ్యాచ్‌లు చూసేవాళ్లూ, ఇక్కడ హైదరాబాద్‌లో రాత్రి మేలుకుని చూసేవాళ్లూ ఎవరైనా చేయొచ్చు. కాస్త ఓపిక, ఒక నోట్‌బుక్ ఉంటే చాలు.

1. ఏ పనికి మనిషి కావాలో ముందు తేల్చుకోండి

సేఫ్టీలందరి పనీ ఒకటి కాదు. డ్రాఫ్ట్ అంటే ఎన్‌ఎఫ్‌ఎల్ టీములు వంతులవారీగా కాలేజీ ఆటగాళ్లను ఎంచుకోవడం; ఒక్కో ఎంపిక ఒక పిక్. 2010 డ్రాఫ్ట్‌లో సియాటిల్ సీహాక్స్ ఇద్దరు సేఫ్టీలను తీసుకుంది. టెక్సస్ యూనివర్సిటీ నుంచి ఎర్ల్ థామస్ 14వ పిక్, వర్జీనియా టెక్ నుంచి కామ్ చాన్సలర్ 133వ పిక్. థామస్ ఎత్తు తక్కువ, వేగం ఎక్కువ. వెనక మధ్య భాగమంతా ఒక్కడే కాసేవాడు. చాన్సలర్ 6 అడుగుల 3 అంగుళాల భారీ మనిషి. ముందుకొచ్చి రన్ (బంతి పట్టుకుని పరిగెత్తే ప్లే) ఆపడం, పాస్ అందుకోవడానికి మధ్యలోంచి వచ్చే రిసీవర్లను గట్టిగా కొట్టడం అతని పని. 2014 ఫిబ్రవరిలో డెన్వర్‌ని 43-8తో ఓడించి సూపర్ బౌల్ గెలిచిన డిఫెన్స్‌లో ఈ ఇద్దరూ కీలకం. వాళ్ల పనులు తారుమారు చేసి ఉంటే ఇద్దరికీ ఇంత పేరు వచ్చేదని నేననుకోను.

కాబట్టి మీ టీమ్ ఎక్కువగా ఒక్క సేఫ్టీనే వెనక ఉంచుతుందా, ఇద్దరినా అన్నది చూడండి. ఒక్కడే అయితే ఏ సైడ్‌లైన్‌కైనా చేరుకునే పరుగు ఉండాలి. ఇద్దరైతే చెరో సగం కాస్తారు కాబట్టి వేగం కొంచెం తగ్గినా ఆటని చదివే తెలివితో నెట్టుకురావచ్చు. స్లాట్ రిసీవర్ (అంచున కాకుండా లోపలివైపు నిలబడే రిసీవర్) మీదికి దింపాలనుకుంటే, రిసీవర్లను దగ్గరగా కాసే కార్నర్‌బ్యాక్‌కి ఉండే చురుకైన పాదాలు కావాలి. ఈ ప్రశ్నకు జవాబు లేకుండా "మంచి సేఫ్టీయా, కాదా" అని అడిగితే ఏ జవాబైనా చెప్పొచ్చు.

2. సరైన వీడియో వెతకండి

టీవీ కెమెరా బంతి వెంట పోతుంది. స్నాప్ (బంతి అందించి ప్లే మొదలుపెట్టడం) సమయానికి సేఫ్టీ 12, 15 గజాల వెనక ఉంటాడు కాబట్టి చాలాసార్లు తెర మీద కనిపించనే కనిపించడు. స్కౌట్లు చూసేది ఆల్-22 ఫిల్మ్. స్టాండ్స్ పైనుంచి 22 మంది ఆటగాళ్లూ కనిపించేలా తీస్తారు. కాలేజీ మ్యాచ్‌లకు అది మనలాంటివాళ్లకు తేలిగ్గా దొరకదు. దొరక్కపోతే ఎండ్ జోన్ (మైదానం కొసన టచ్‌డౌన్ చేసే చోటు) వైపు నుంచి చూపించే రీప్లేలు వదలొద్దు. మామూలు ప్రసారంలో అయితే సేఫ్టీ తెర మీదికి ఎప్పుడు వచ్చాడో గమనించండి. బంతితోపాటే వచ్చి వాలాడంటే ముందే కనిపెట్టాడన్నమాట. రిసీవర్ బంతి పట్టుకుని నాలుగు అడుగులు వేశాక వచ్చాడంటే ఆలస్యంగా కదిలాడు.

హైలైట్స్ చూసి నిర్ణయానికి రావొద్దు. నాలుగైదు మ్యాచ్‌లు మొదటి నుంచి చివరిదాకా చూడండి. వాటిలో ఒకటి మంచి క్వార్టర్‌బ్యాక్ (పాసులు విసిరేవాడు) ఉన్న టీమ్‌తో, ఒకటి రన్ మీదే ఆధారపడే టీమ్‌తో, ఒకటి అతను బాగా ఆడలేదని అందరూ అన్నది, ఒకటి అంతకు ముందు ఏడాదిది ఉండాలి. ముందు ఏడాదికీ ఇప్పటికీ మెరుగయ్యాడా లేదా అన్నది ఒక్క సీజన్ చూస్తే తెలియదు.

3. బంతిని వదిలేసి పాదాలు చూడండి

ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. ఒక్కో ప్లేని మూడుసార్లు చూడాలి. మొదటిసారి సేఫ్టీ పాదాలు, రెండోసారి అతని తల ఎటు తిరిగింది, మూడోసారి ప్లే మొత్తం.

ఒక ప్లే ఊహించుకోండి. మూడో డౌన్ (నాలుగు ప్రయత్నాల్లో మూడోది), ఇంకా 7 గజాలు కావాలి. సేఫ్టీ మధ్యలో ఒక్కడే, 14 గజాల వెనక ఉన్నాడు. స్నాప్ అయింది. క్వార్టర్‌బ్యాక్ ఎడమవైపే చూస్తున్నాడు. కుర్ర సేఫ్టీలు చాలామంది ఆ చూపుకి పడిపోయి ఎడమకి రెండు అడుగులు వేసేస్తారు. మంచివాడు నడుము ఎటూ తిప్పకుండా నెమ్మదిగా వెనక్కి జరుగుతుంటాడు. అంతలో కుడివైపు రిసీవర్ 12 గజాలు పోయి లోపలికి తిరిగాడు, క్వార్టర్‌బ్యాక్ భుజం అటు మళ్లింది. వీడియో అక్కడ ఆపండి. బంతి ఇంకా చేతిలోనే ఉంది. సేఫ్టీ నడుము అప్పటికే కుడికి తిరిగి ఉంటే మీరు వెతుకుతున్న ఆటగాడు దొరికినట్టే. బంతి గాల్లో కనిపించాకే తిరిగితే, ఎంత వేగం ఉన్నా ఒక అడుగు వెనకబడతాడు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆ అడుగే టచ్‌డౌన్.

అతను బాగా కదిలితే క్వార్టర్‌బ్యాక్ అటు విసరడమే మానేస్తాడు. దానికి స్కోర్‌కార్డులో ఏ అంకే పడదు. మీ నోట్‌బుక్‌లో మాత్రం రాసుకోండి.

ఇక్కడ కాలేజీ నియమాలు రెండు గుర్తుపెట్టుకోవాలి. పాస్ వేసే ప్లేలో కాలేజీ లైన్‌మెన్ (ముందు వరుసలో అడ్డుకునేవాళ్లు) మూడు గజాల దాకా ముందుకు పోవచ్చు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క గజమే. అందుకే కాలేజీలో రన్ అనిపించి చివరి క్షణంలో పాస్‌గా మారే ప్లేలు ఎక్కువ. సేఫ్టీ అలాంటివాటిలో ఒకటి రెండుసార్లు మోసపోయాడని మరీ మార్కులు కోసేయకండి. రెండోది హాష్ మార్కులు, అంటే ప్లే మొదలయ్యేటప్పుడు బంతిని ఏ రెండు గీతల మధ్య పెట్టాలో చూపే గుర్తులు. కాలేజీలో అవి 40 అడుగుల దూరంలో ఉంటాయి, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పద్దెనిమిదిన్నర అడుగులే. కాలేజీలో బంతి హాష్ మీద ఉంటే ఒకవైపు సైడ్‌లైన్‌కి 60 అడుగులు, అటువైపు 100 అడుగులు. ఇరుకు వైపు ఆడే సేఫ్టీ కాయాల్సిన జాగా తక్కువ, కాబట్టి అతను నిజంకంటే వేగంగా కనిపించొచ్చు. ఏ వైపు ఎక్కువగా ఆడాడో తప్పకుండా రాసుకోండి.

4. యాంగిల్, ట్యాకిల్

బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్ లైన్ దాటి ఖాళీలోకి వచ్చాడు, ఎదురుగా సేఫ్టీ ఒక్కడే. ఇలాంటి సందర్భాలన్నీ లెక్కపెట్టండి. మిస్ అయిన ప్రతిదానికీ కారణం కూడా రాయండి. బంతి ఉన్నవాడు ఇప్పుడున్న చోటికి పరిగెత్తి, తీరా వెళ్లేసరికి వాడు దాటిపోయాడంటే యాంగిల్ తప్పు. దాన్ని దిద్దడం కష్టం. చేతులు చుట్టకుండా భుజంతో కొట్టి జారిపోయాడంటే పద్ధతి తప్పు, అది కోచ్ నేర్పగలడు. గట్టిగా కొట్టిన దెబ్బలకు స్టేడియం హోరెత్తుతుంది గానీ, నాకు మాత్రం 40 గజాలు పోయే రన్‌ని 12 గజాల దగ్గర మామూలుగా కాళ్లు పట్టుకుని ఆపేసినవాడే ఎక్కువ నచ్చుతాడు.

టార్గెటింగ్ ఫౌల్స్ (తలకి, మెడకి గురిపెట్టి గానీ, హెల్మెట్ పైభాగంతో గానీ ఢీకొట్టడం) కూడా చూడండి. కాలేజీలో ఆ తప్పు ఖరారైతే మ్యాచ్ నుంచి పంపించేస్తారు.  ఒకటికి రెండుసార్లు జరిగిందంటే తల వంచి కొట్టే అలవాటు ఉందేమో చూడాలి. ఆ అలవాటు అతని మెడకే ప్రమాదం.

5. ఇంటర్‌సెప్షన్లను ఒక్కొక్కటిగా తెరిచి చూడండి

అన్నింటికీ ఒకే విలువ లేదు. 2023 సీజన్ తొలి మ్యాచ్‌లో డెట్రాయిట్ సేఫ్టీ బ్రయన్ బ్రాంచ్ కాన్సస్ సిటీ రిసీవర్ చేతుల్లోంచి ఎగిరిన బంతిని అందుకుని 50 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. బంతి అలా ఎగరడం అదృష్టం. సరిగ్గా అక్కడ ఉండటం మాత్రం అతని గొప్పే.

2021లో ఫ్లోరిడా స్టేట్ మీద నోట్రడామ్ సేఫ్టీ కైల్ హామిల్టన్ పట్టిన ఇంటర్‌సెప్షన్ వేరే రకం. మైదానం ఒక పక్క నుంచి అవతలి సైడ్‌లైన్ దాకా పరిగెత్తి అందుకున్నాడు. చదవడం, కదలడం, పట్టడం మూడూ అందులో ఉన్నాయి. ప్రతి ఇంటర్‌సెప్షన్ పక్కన "చదివాడు", "చేతికొచ్చింది" అని ఒక మాట రాస్తే చాలు. చేతిలో పడ్డ బంతుల్ని ఎన్ని జారవిడిచాడో కూడా లెక్కేయండి.

6. ఇప్పుడు ఇండియానాపొలిస్ అంకెలు చూడండి

డ్రాఫ్ట్‌కి ముందు, ఫిబ్రవరి చివర్లో, మార్చి మొదట్లో ఇండియానాపొలిస్‌లో ఆటగాళ్ల పరుగు, ఎగురు కొలిచే కంబైన్‌లో అదే హామిల్టన్ 40 గజాలు 4.59 సెకన్లలో పరిగెత్తాడు. వేగం చాలదన్నారు. 2022 డ్రాఫ్ట్‌లో బాల్టిమోర్ రేవెన్స్ అతణ్ని 14వ పిక్‌తో తీసుకుని, మొదటి ఏడాది ఎక్కువగా స్లాట్‌లో ఆడించింది. 2023లో ఆల్-ప్రో (ఆ ఏడాది మేటి ఆటగాళ్ల జాబితా)లో చోటు దక్కించుకున్నాడు. ఫిల్మ్‌లో కనిపించిన పరుగుకి, స్టాప్‌వాచ్‌లో కనిపించిన పరుగుకి తేడా వస్తే నేను ఫిల్మ్‌నే నమ్ముతాను.

అలాగని అంకెలు పారేయక్కర్లేదు. 2025లో సౌత్ కెరొలైనా ఆటగాడు నిక్ ఎమన్‌వోరి 220 పౌండ్ల బరువుతో 4.38 సెకన్లలో పరిగెత్తి, నిలబడ్డచోటు నుంచి 43 అంగుళాలు ఎగిరాడు. అయినా 35వ పిక్ దాకా ఆగాడు. 4.50 పరిగెత్తిన జార్జియా సేఫ్టీ మలకై స్టార్క్స్ అతనికంటే ముందు 27వ పిక్‌లో వెళ్లాడు. ఇలాంటి అంకెలు కనిపించినప్పుడు మళ్లీ ఫిల్మ్‌కి వెళ్లి, ఆ వేగం మ్యాచ్‌లో ఎందుకు కనిపించిందో, ఎందుకు కనిపించలేదో చూడాలి.

డ్రాఫ్ట్‌కి వచ్చే ఆటగాళ్ల కోసం అలబామాలోని మొబీల్‌లో జరిగే సీనియర్ బౌల్ మ్యాచ్ ప్రాక్టీసులో రిసీవర్, సేఫ్టీ ఒకరికొకరు ఎదురయ్యే డ్రిల్స్ గురించి పెద్దగా టెన్షన్ పడొద్దు. క్వార్టర్‌బ్యాక్ మీద ఒత్తిడి ఉండదు, రిసీవర్‌కి బోలెడు జాగా ఉంటుంది. అందులో సేఫ్టీ ఓడిపోవడం మామూలే.

7. మైదానం బయటి సంగతులు

స్నాప్‌కి ముందు చేతులూపుతూ మిగతావాళ్లను సర్దేది ఎవరో చూడండి. అది మీ ఆటగాడే అయితే కోచ్‌లు అతణ్ని నమ్ముతున్నారని అర్థం. గాయాల వల్ల ఎన్ని మ్యాచ్‌లు ఆడలేదో, ఎన్ని కాలేజీలు మారాడో రాసుకోండి. పంట్, కిక్‌ఆఫ్ (బంతిని తన్నే ప్లేలు) టీముల్లో ఆడాడా అన్నది ఆఖరి రౌండ్లలో తీసుకునేవాళ్ల విషయంలో చాలా ముఖ్యం. మొదటి ఏడాది వాళ్లకు జట్టులో చోటు దొరికేది అక్కడే.

8. రౌండ్ రాసి, కారణం రాయండి

టీములు సేఫ్టీల కోసం తొలి రౌండ్ పిక్ అంత తేలిగ్గా ఖర్చుపెట్టవు. 2024లో మొదటి రౌండ్‌లో ఒక్క సేఫ్టీ కూడా పోలేదు. ఆ ఏడాది మొదట వెళ్లిన టైలర్ నూబిన్‌ది 47వ పిక్. పేరున్న సేఫ్టీలు జెస్సీ బేట్స్ 2018లో 54వ పిక్, ఆంటువాన్ విన్‌ఫీల్డ్ జూనియర్ 2020లో 45వ పిక్. ఇలినాయ్‌లో ఒక్క సీజనే స్టార్టర్‌గా ఆడిన కెర్బీ జోసెఫ్ 2022లో 97వ పిక్. 2024లో 9 ఇంటర్‌సెప్షన్లతో లీగ్ మొత్తంలో ముందున్నది అతనే. అందుకే మీకు నచ్చిన సేఫ్టీకి రెండో, మూడో రౌండ్ గ్రేడ్ ఇవ్వడం అతణ్ని చిన్నచూపు చూడటమేమీ కాదు.

రిపోర్ట్ అర పేజీ దాటక్కర్లేదు. ఏ పని చేయగలడు, మీ టీమ్‌లో మొదటి ఏడాది ఎక్కడ నిలబెడతారు, ఏ రౌండ్‌లో తీసుకుంటారు. చివరి వాక్యం ప్రత్యర్థి కోచ్‌గా రాయండి: ఇతని మీద మీరు ఏ ప్లే వేస్తారు? ఆ ప్లే పేరు వెంటనే రాయగలిగితే ఫిల్మ్ సరిపడా చూశారు. రాయలేకపోతే ఇంకో రెండు మ్యాచ్‌లు చూసి అప్పుడు గ్రేడ్ వేయండి.