పాత బెంగాలీ సినిమాకి వికీపీడియాలో పేజీ పెట్టొచ్చా? మూడో పాఠం: ఎవరైనా ఆగి రాశారా

గత రెండు పాఠాల్లో సినిమాని గుర్తుపట్టడం దాకా వచ్చాం. పేరు, సంవత్సరం, దర్శకుడు కుదిరాయి, అదే పేరున్న ఇంకో సినిమాతో కలిపెయ్యలేదు (దేవదాస్ కలకత్తాలో 1928లో మూకీగా, 1935లో టాకీగా వచ్చింది కదా, అలాంటి చోట జారిపడకుండా చూసుకున్నాం). ఇప్పుడు అసలు పని, ఆ సినిమాకి పేజీ ఉండాలా వద్దా అని తేల్చుకోవడం.

సినిమా బాగుందా, ఎంత పాతది, అందులో బెంగాలీ స్టార్ ఉత్తమ్ కుమార్ ఉన్నాడా, ఇవేవీ ఈ ప్రశ్నకి జవాబులు కావు. తెలుగు వికీలో దీన్ని విషయ ప్రాముఖ్యత అంటాం. ‘ప్రాముఖ్యత’ అనే మాట వినగానే చాలామంది సినిమా గొప్పదా కాదా అని వాదనకి దిగుతారు, అక్కడే దారి తప్పుతారు. మనం అడగాల్సింది వేరు. ఆ సినిమాతో ఏ సంబంధమూ లేనివాళ్లు ఎవరైనా దాని దగ్గర కాసేపు ఆగి రాశారా? ఒక వాక్యం కాదు, కనీసం రెండు మూడు పేరాలు. అలా రాసినవి రెండు వేర్వేరు చోట్ల దొరికితే పేజీకి కాళ్లు వచ్చినట్టే.

నేనిది దెబ్బ తిన్నాకే నేర్చుకున్నాను. 1950ల నాటి ఒక బెంగాలీ సినిమాకి మొలక పేజీ (నాలుగు ముక్కల చిన్న పేజీ) పెట్టి, కింద ఐదు వెబ్‌సైట్ల లింకులిచ్చి, ఐదు మూలాలున్నాయి కదా అని ధీమాగా ఉన్నాను. నెల తిరక్కుండానే తొలగింపు చర్చకి వచ్చింది. చర్చలో ఒకాయన ఆ ఐదింటినీ పక్కపక్కన పెట్టి చూపించాడు. ఐదింట్లోనూ అవే మూడు వాక్యాలు, నటి పేరులో అదే అక్షరం తప్పు. అంటే అవి ఐదు మూలాలు కావు, ఒకదాన్ని చూసి ఒకటి ఎత్తి రాసుకున్నవి, ఆ మొదటిదాన్ని కూడా ఆ సైటు వాడే ఎవరో ఒక మామూలు వాడుకరి నింపాడు. పేజీ పోయింది. ఆ రోజు బాధేసింది గానీ ఆయన చెప్పినదాంట్లో తప్పులేదు, అప్పట్నుంచీ లింకులు లెక్కపెట్టడం మానేసి చదవడం మొదలుపెట్టాను.

ఒక సినిమా పట్టుకుని చేసి చూద్దాం. 1954లో వచ్చిన అగ్నిపరీక్ష. మనవాళ్లకి ఇది వేరే రూపంలో తెలుసు, 1959లో ఆదుర్తి సుబ్బారావు గారి దర్శకత్వంలో అన్నపూర్ణా వాళ్లు తీసిన మాంగల్యబలం దీని ఆధారంగా వచ్చిందే. కాబట్టి తెలుగులో వెతికితే మాంగల్యబలం గురించి బోలెడు వ్యాసాలు, వాటిల్లో ‘బెంగాలీ అగ్నిపరీక్ష ఆధారంగా’ అన్న ముక్క తగులుతూనే ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు వీటన్నిటినీ అగ్నిపరీక్షకి మూలాలుగా పెట్టేస్తారు. అవి మాంగల్యబలానికి మూలాలు. అగ్నిపరీక్ష వాటిల్లో దారిన పోతూ కనబడిన మనిషి లాంటిది, పలకరించారు, ముందుకెళ్లిపోయారు. ఆ ముక్కతో ‘తెలుగులో మళ్లీ తీశారు’ అన్న ఒక్క వాక్యం మాత్రం రాసుకోవచ్చు.

అయినా ఆ ముక్క దారి చూపిస్తుంది. ఒక సినిమాని వేరే భాషల వాళ్లు డబ్బు పెట్టి మళ్లీ తీశారంటే అసలు దాని గురించి ఎక్కడో రాసే ఉంటారు. ఇదే కథని హిందీలో 1967లో ఛోటీ సీ ములాఖాత్ పేరుతో ఉత్తమ్ కుమార్ తానే నిర్మాతగా తీసుకున్నాడు. అప్పుడు ఉత్తమ్ కుమార్ మీద వచ్చిన పుస్తకాలు తియ్యండి. చివరి పేజీల్లో నటించిన సినిమాల జాబితా ఉంటుంది, దాన్ని వదిలెయ్యండి, అందులో పేరు ఉన్నందుకు విలువ లేదు. లోపల అధ్యాయాల్లో చూడండి. ఉత్తమ్-సుచిత్రా సేన్ జంట నిలదొక్కుకున్న సందర్భం గురించి రాసేవాళ్లు అగ్నిపరీక్ష దగ్గర ఆగుతారు, ఆ జంట జనంలోకి ఎలా వెళ్లింది, ఎందుకు అంత పట్టేసింది అని చర్చిస్తారు. మనకి కావాల్సింది అదే. ఇంకో దారి కథ వైపు నుంచి. ఇది ఆశాపూర్ణా దేవి నవల, ఆవిడ రచనల మీద రాసినవాళ్లు సినిమా రూపాన్ని కూడా పట్టించుకున్నారేమో చూడాలి. మూడోది సంగీతం వైపు నుంచి. అనుపమ్ ఘటక్ స్వరాలు, సంధ్యా ముఖర్జీ పాట, వాటి మీద విడిగా వ్యాసాలు ఉండొచ్చు. వీటికి దర్శకుడి వైపు కూడా కలిపి, జంట, నవల, పాట, దర్శకుడు అని నాలుగు వైపుల నుంచి లోపలికెళ్తే, నేరుగా సినిమా పేరు కొట్టి వెతికినప్పుడు దొరకనిది దొరుకుతుంది.

దర్శకుడు అన్నాను కాబట్టి ఇక్కడ కొంచెం జాగ్రత్త. అగ్నిపరీక్షకి దర్శకత్వం ‘అగ్రదూత్’ అని ఉంటుంది. అది ఒక మనిషి పేరు కాదు, విభూతి లాహా ముందుండి నడిపిన సాంకేతిక నిపుణుల బృందం పేరు. ‘అగ్రదూత్ అనే దర్శకుడు ఎప్పుడు పుట్టాడు’ అని వెతికితే రోజంతా వృథా.

ఇంకో సమస్య, పాత బెంగాలీ సినిమా గురించిన రాత చాలావరకు కాగితం మీదే ఉంది, అదీ బెంగాలీ లిపిలో. ఇంగ్లీషు అక్షరాల్లో వెతికితే ఒకే పేరు మూడు రకాలుగా తగులుతుంది. బెంగాలీలో ‘వ’కీ ‘బ’కీ ఒకటే అక్షరం, ‘అ’ని చాలాచోట్ల ‘ఒ’లా పలుకుతారు, ఒకరు పలుకుబడి చూసి రాస్తారు, ఇంకొకరు లిపి చూసి రాస్తారు. అందుకే బెంగాలీ వికీలోంచి పేరుని ఆ లిపిలోనే కాపీ చేసుకుని వెతకండి. లిపి చదవడం రాదని టెన్షన్ పడక్కర్లేదు, స్కాన్ చేసిన పేజీ మీద ఫోన్ కెమెరా అనువాదం పెడితే ఆ వ్యాసం సినిమా గురించా, దారిన పోతూ అన్న మాటా అన్నది తెలిసిపోతుంది. దాన్ని పేజీలో వాడే ముందు మాత్రం బెంగాలీ వచ్చినవాళ్లకి ఒకసారి చూపించండి.

పాత పత్రికల మీద తేదీ బెంగాలీ సంవత్సరంలో ఉంటుంది. దానికి 593 కలపాలి, జనవరి నుంచి ఏప్రిల్ మధ్య దాకా అయితే 594. 1361 భాద్ర మాసం అంటే 1954 ఆగస్టు-సెప్టెంబరు. ఇది తెలియక నేను ఒక సమీక్షని వేరే సంవత్సరానిదని పక్కన పడేశాను.

సినిమా హాళ్ల దగ్గర అమ్మిన పాటల పుస్తకాలు దొరికితే దాచుకోండి, తారాగణానికీ పాటలకీ అంతకంటే మంచి ఆధారం ఉండదు. కానీ అవి నిర్మాతలు వేసినవి. ‘మిగతా కథ వెండితెరపై చూడండి’ అని మన పాటల పుస్తకాల్లో రాసేవాళ్లు చూడండి, అలాంటి పుస్తకం సినిమా గొప్పదని చెప్పినా అది బయటివాళ్ల మాట కాదు. దర్శకుడి ఆత్మకథ, ప్రకటనలు కూడా అంతే. ఇక సినిమా యూట్యూబ్‌లో ఉందంటే, సినిమా ఉందని అర్థం, అంతకుమించి ఏమీ లేదు.

అవార్డుల విషయంలో సంవత్సరం చూడకుండా తీర్పు చెప్పకండి. జాతీయ చలనచిత్ర అవార్డులు మొదలైందే 1954లో. 1938 సినిమాకి జాతీయ అవార్డు లేదు కాబట్టి ప్రాముఖ్యత లేదని ఒక చర్చలో ఒకరు రాస్తే, పుట్టకముందు జరిగిన పెళ్లికి ఎందుకు రాలేదని అడిగినట్టుంది అనిపించింది. అంత పాతవాటికి 1937లో ఏర్పడిన బెంగాల్ ఫిల్మ్ జర్నలిస్ట్స్ అసోసియేషన్ ఇచ్చిన అవార్డులు చూడాలి.

ఆలస్యంగా వచ్చే గుర్తింపుని కూడా లెక్కలోకి తీసుకోవాలి, నాకు ఈ నియమం చాలా ఇష్టం. ఋత్విక్ ఘటక్ మొదటి సినిమా నాగరిక్ 1952లో పూర్తయింది, సత్యజిత్ రాయ్ పథేర్ పాంచాలి రావడానికి మూడేళ్ల ముందు. విడుదల కాలేదు. ఘటక్ 1976లో చనిపోయారు, సినిమా 1977లో జనం ముందుకొచ్చింది. 1953లో మన కొలత పెట్టి చూస్తే నాగరిక్‌కి ఏమీ లేదు, సమీక్ష లేదు, ప్రదర్శన లేదు. ఇవాళ దాని మీద పుస్తకాల్లో పేజీలకి పేజీలున్నాయి. ఇంగ్లీషు వికీ మార్గదర్శకాల్లో, విడుదలైన ఐదేళ్ల తరవాత కూడా సినిమా గురించి చెప్పుకోదగ్గ వ్యాసాలు రావడం, చిత్రోత్సవంలో మళ్లీ వెయ్యడం, జాతీయ ఆర్కైవ్‌లో భద్రపరచడం ప్రాముఖ్యతకి సూచనలుగా ఉన్నాయి. సూచనలు మాత్రమే, రాత మళ్లీ చూపించాల్సిందే. పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ 1964లో వచ్చింది, అప్పటికే ఎన్నో సినిమాలు కాలిపోయాయి, కాబట్టి అక్కడ లేకపోవడాన్ని సినిమాకి వ్యతిరేకంగా వాడకండి. రవీంద్రనాథ్ ఠాగూర్ దర్శకత్వంలో కలకత్తా నిర్మాణ సంస్థ న్యూ థియేటర్స్ 1932లో తీసిన నటీర్ పూజ ప్రింటు అగ్నిప్రమాదంలో పోయింది. సినిమా పోయినా దాని గురించిన రాత పోలేదు, పేజీకి అది చాలు.

అన్నీ వెతికాక ఏమీ దొరకకపోతే? తొలగించాలని తొందరపడొద్దు, పేజీ పెట్టాలనీ మొండిపట్టు పట్టొద్దు. దర్శకుడి పేజీలోనో నిర్మాణ సంస్థ పేజీలోనో రెండు వాక్యాలు చేర్చి, సినిమా పేరు నుంచి అక్కడికి దారిమార్పు ఇవ్వండి (ఆ పేరు కొడితే నేరుగా ఆ పేజీకే వెళ్లేలా). రేపెవరికైనా కలకత్తా గ్రంథాలయంలో ఒక సమీక్ష దొరికితే ఆ దారిమార్పునే పేజీగా పెంచుతారు.

ఈ వారం అభ్యాసం: 1956 నాటి సాగరిక తీసుకోండి. మన ఆరాధన (1962) దీన్నుంచే వచ్చింది. దర్శకత్వం ‘అగ్రగామి’, ఇదీ బృందమే, అగ్రదూత్‌తో కలపొద్దు. ఆరాధన వ్యాసాల్లోని ముక్కలు పక్కన పెట్టి, సాగరిక దగ్గరే ఆగి రాసినవి రెండు వెతకండి. ఒక్కోదాని కింద ఎవరు రాశారు, ఎప్పుడు, ఎన్ని పేరాలు, సినిమావాళ్లతో సంబంధం ఉందా అని రాసుకోండి. దొరక్కపోతే ఎక్కడెక్కడ వెతికారో ఆ జాబితాని చర్చాపేజీలో పెట్టండి, తరవాత వచ్చేవాళ్లు అక్కడి నుంచి మొదలుపెడతారు.