వైపర్ ఆర్‌డబ్ల్యూఆర్ తెర మీద ఆ 15 ఎవరు?

డీసీఎస్ వరల్డ్ అనే యుద్ధవిమాన సిమ్యులేటర్ ఆటలో ఎఫ్-16సీ (వైపర్) నడిపేవాళ్లకు ఆర్‌డబ్ల్యూఆర్‌తో, అంటే మన మీద పడే రాడార్లను పసిగట్టి తెర మీద గుర్తులుగా చూపే పరికరంతో, తరచూ ఎదురయ్యే చిక్కులివి. హార్నెట్‌ (ఎఫ్/ఏ-18) విమానంలో బటన్లు వేరు, అక్కడ ఇవే మెట్లు పనిచేయవు.

సమస్య: తెర ఖాళీ, శబ్దమూ లేదు.
విమానాన్ని చల్లారిన స్థితి నుంచి స్టార్ట్ చేసినప్పుడు ఎడమవైపు థ్రెట్ వార్నింగ్ ఆక్స్ ప్యానెల్‌లో పవర్ బటన్ మరిచిపోతాం. అది నొక్కండి. గుర్తులు కనిపించి శబ్దం రాకపోతే ఆడియో 1 ప్యానెల్‌లో థ్రెట్ నాబ్ పెంచండి.

సమస్య: 15 కనబడింది. ఎఫ్-15 అనుకుని ముక్కు అటు తిప్పితే కింది నుంచి మిసైల్ వచ్చింది.
నేల మీంచి విమానాలను కూల్చే ఎస్ఏ-15 టోర్ మిసైల్ వ్యవస్థకూ 15 అనే పడుతుంది, తికమకంతా ఇక్కడే. అంకె కంటే ముందు దాని నెత్తి చూడండి. ఇంటి కప్పులా వంగిన చిన్న గీత ఉంటే గాల్లో ఉన్న విమానం. ఏమీ లేకుంటే నేల మీది రాడార్. టోర్ మిసైల్ సుమారు 12 కిలోమీటర్ల దూరం, 6 కిలోమీటర్ల ఎత్తు వరకే అందుకుంటుంది. కాబట్టి 25 వేల అడుగుల పైన ఉంటే దాని జోలి లేదు. ఎఫ్-15 అయితే ఎత్తు కాపాడదు. ఆ చిన్న గీత చూడకపోతే చేయాల్సింది తలకిందులవుతుంది.

సమస్య: 29 ఉంది, లాంచ్ హెచ్చరిక రాలేదు, అయినా కూలిపోయాం.
మిగ్-29, సు-27 రెండూ 29 గానే పడతాయి. ఆర్-27ఈఆర్ మిసైల్ వదిలితే గుర్తు చుట్టూ వలయం మెరుస్తుంది, ఎందుకంటే ఆ మిసైల్‌కు చివరిదాకా దాన్ని వదిలిన విమానం రాడార్ వెలుగు కావాలి. మిగ్-29ఎస్ మోసే ఆర్-77 అలా కాదు. దాని సొంత రాడార్ తెరుచుకున్నాకే ‘ఎం’ గుర్తు వస్తుంది, అప్పటికి సెకన్లే మిగులుతాయి. ‘ఎం’ను తెర మీద 3 లేదా 9 గంటల వైపు (కుడి లేదా ఎడమ పక్కకు) పెట్టి, కిందికి దిగుతూ చాఫ్ (రాడార్‌ను మోసగించే లోహపు పీలికలు) వదలండి. వేడిని పట్టుకొచ్చే ఆర్-73, ఆర్-27ఈటీ మిసైళ్లు ఈ పరికరానికి అసలు కనిపించవు. దగ్గరికెళ్లాక కళ్లే దిక్కు.

సమస్య: గుర్తు మధ్యలో ఉంది, శత్రువు మాత్రం చాలా దూరంలో ఉన్నాడు.
మధ్యకు దగ్గరగా ఉంటే దగ్గరున్నట్టు కాదు. సిగ్నల్ బలంగా ఉన్నట్టు, అంతే. శక్తిమంతమైన రాడార్ దూరం నుంచే లోపలికి వచ్చేస్తుంది. తెర కిక్కిరిసి ఉంటే మోడ్ బటన్‌తో ప్రయారిటీకి మార్చండి, ముఖ్యమైన 5 మాత్రమే మిగులుతాయి. డైమండ్ చుట్టుకున్నదే అన్నిటికంటే ప్రమాదకరమని పరికరం అంచనా.

సమస్య: నేల మీది మిసైల్ వ్యవస్థలైన హాక్ ‘హెచ్‌కే’, పేట్రియాట్ ‘పి’ గుర్తులు భయపెడుతున్నాయి.
అవి మనవాళ్లవే కావచ్చు. ఈ పరికరానికి మిత్రుడెవరో శత్రువెవరో తెలియదు, రాడార్ రకం ఒక్కటే తెలుసు. బయలుదేరేముందు బ్రీఫింగ్ మ్యాపులో మనవైపు మిసైల్ బ్యాటరీలు ఎక్కడున్నాయో చూసుకుని, ఆ దిక్కుతో గుర్తును సరిపోల్చుకోండి.