టికింటర్‌లో మౌస్ పాయింటర్‌ను స్క్రిప్టుతో నడిపించడం

పైథాన్‌తో పాటే వచ్చే, విండోలూ బటన్లూ తయారుచేసే లైబ్రరీ అయిన టికింటర్‌లో ‘కర్సర్’ అనే మాట దగ్గరే కొత్తవారికి మొదటి తికమక ఎదురవుతుంది. వాడుకలో మనం తెర మీద కదిలే బాణం గుర్తునూ కర్సర్ అంటాం, అక్షరాలు టైప్ చేసే చోట మినుకుమినుకుమనే నిలువు గీతనూ కర్సర్ అంటాం, పని జరుగుతున్నప్పుడు కనిపించే గడియారం గుర్తునూ కర్సరే అంటాం. టికింటర్‌కు ఆధారమైన టీకే అనే లైబ్రరీ మాత్రం వీటిని ఇంకో తీరుగా విడదీస్తుంది. గుర్తు ఆకారాన్ని అది ‘కర్సర్’ అని, ఆ గుర్తు తెర మీద ఉన్న స్థానాన్ని ‘పాయింటర్’ అని, టైపింగ్ గీతను ‘ఇన్సర్ట్’ అని పిలుస్తుంది. ఆకారం మార్చే ఆప్షన్ పేరు కర్సర్ అని, స్థానం చెప్పే మెథడ్ల పేర్లలో పాయింటర్ అనే మాట ఉంటుందని గుర్తుంచుకుంటే డాక్యుమెంటేషన్‌లో వెతుకులాట సగానికి సగం తగ్గుతుంది.

ఈ వ్యాసంలో ఆదేశాల పేర్లను తెలుగు లిపిలోనే రాస్తున్నాను. ఎడిటర్‌లో వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాలతో, రెండు మాటలున్న చోట మధ్యలో అండర్‌స్కోర్ పెట్టి టైప్ చేయాలి. ఈవెంట్ పేర్లలో మాత్రం ప్రతి మాటనూ పెద్ద అక్షరంతో మొదలుపెట్టి, మాటలను కలిపేసి, కోణపు బ్రాకెట్ల మధ్య, కొటేషన్లలో ఇవ్వాలి.

ముందు స్థానం తెలుసుకోవడం

పాయింటర్‌ను కదిలించే ముందు అది ఎక్కడుందో తెలియాలి. ఏ విడ్జెట్ (బటన్, గడి లాంటి విండో భాగం) మీదనైనా విన్ఫో పాయింటర్‌ఎక్స్, విన్ఫో పాయింటర్‌వై అనే మెథడ్లను పిలిస్తే పాయింటర్ నిరూపకాలు పిక్సెళ్లలో వస్తాయి. ఇవి తెర మొత్తానికి సంబంధించిన లెక్క, మూలబిందువు తెరకు ఎడమవైపు పై మూల. విండోలో ఒక విడ్జెట్ ఎక్కడ మొదలవుతుందో అదే తెర లెక్కలో విన్ఫో రూట్‌ఎక్స్, విన్ఫో రూట్‌వై చెబుతాయి. మొదటి దానిలోంచి రెండోది తీసివేస్తే ఆ విడ్జెట్ లోపలి లెక్కలో పాయింటర్ ఎక్కడుందో తెలుస్తుంది. ఈ చిన్న తీసివేత మరిచిపోవడం వల్లనే చాలా స్క్రిప్టుల్లో పాయింటర్ అనుకున్న చోటుకు కాకుండా, విండో తెర మీద ఎంత పక్కకు జరిగి ఉందో అంత దూరం అవతలికి పోతుంది. పాయింటర్ కింద ఏ విడ్జెట్ ఉందో కావాలంటే తెర నిరూపకాలను విన్ఫో కంటైనింగ్‌కు ఇస్తే సరిపోతుంది.

కదిలించే ఆదేశం

పాయింటర్‌ను జరపడానికి టికింటర్‌లో ప్రత్యేకంగా ఒక మెథడ్ లేదు. ఈవెంట్ జనరేట్ అనే మెథడ్‌కు మోషన్ అనే ఈవెంట్ పేరు ఇచ్చి, దానికి ఎక్స్, వై విలువలతో పాటు వార్ప్ అనే ఆప్షన్‌ను ట్రూగా పెట్టాలి. వార్ప్ పెట్టకపోతే పాయింటర్ కదలదు, అది కదిలినట్టు ప్రోగ్రాముకు ఒక కబురు మాత్రమే అందుతుంది. ఇక్కడ ఇచ్చే ఎక్స్, వైలు తెర లెక్కలో కాకుండా, ఏ విడ్జెట్ మీద ఆ మెథడ్‌ను పిలిచామో ఆ విడ్జెట్ ఎడమ పై మూల నుంచి కొలిచినవి. ఒక బటన్ నడిమధ్యకు పాయింటర్‌ను తేవాలంటే ఆ బటన్ మీదనే ఈ మెథడ్‌ను పిలిచి, విన్ఫో విడ్త్‌లో సగాన్ని ఎక్స్‌గా, విన్ఫో హైట్‌లో సగాన్ని వైగా ఇవ్వాలి.

ఇందులో రెండు మెలికలున్నాయి. విడ్జెట్ ఇంకా తెర మీదకు రాకముందే వార్ప్ అడిగితే టీకే ఆ కోరికను పట్టించుకోదు, ఎర్రర్ కూడా చూపించదు. విండో తయారుచేసిన వెంటనే పాయింటర్‌ను జరపాలనుకునేవారు ముందుగా అప్‌డేట్ అయినా, వెయిట్ విజిబిలిటీ అయినా పిలిచి తీరాలి. రెండో మెలిక ఇంకా సూక్ష్మమైనది. ఈవెంట్ జనరేట్ పిలిచిన క్షణంలోనే మన మోషన్ బైండింగ్ (ఆ ఈవెంట్ రాగానే నడవాలని మనం ముడిపెట్టిన ఫంక్షన్) నడుస్తుంది, కానీ అసలు పాయింటర్ కదలికను టీకే తనకు తీరిక దొరికినప్పుడు చేసే పనుల జాబితాలో వేసి పక్కన పెడుతుంది. అందువల్ల వార్ప్ అడిగిన తర్వాతి వరుసలోనే పాయింటర్‌ఎక్స్ అడిగితే పాత విలువే వస్తుంది. మధ్యలో అప్‌డేట్ ఐడిల్‌టాస్క్స్ పెడితే కొత్త విలువ వస్తుంది. ఒకే ఫంక్షన్‌లో వరుసగా పది వార్ప్‌లు రాసి మధ్యలో టీకేకు ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వకపోతే, తెర మీద కనిపించేది చివరిది ఒక్కటే.

నెమ్మదిగా నడిపించడం

ఒక కార్యాలయంలో కొత్తగా చేరిన డేటా ఎంట్రీ సిబ్బందికి ఫారం నింపే పద్ధతి చూపించే ప్రోగ్రాము రాసినప్పుడు, నేను మొదట పాయింటర్‌ను ఒక గడి నుంచి ఇంకో గడికి ఒక్కసారిగా దూకించాను. చూస్తున్నవారికి పాయింటర్ ఎక్కడికి పోయిందో అంతుపట్టలేదు. కంటికి ఆనాలంటే అది దారి పొడవునా కనబడుతూ పోవాలి.

ఉదాహరణకు 100, 80 దగ్గర ఉన్న పాయింటర్‌ను 500, 380 దగ్గరికి తీసుకుపోవాలనుకుందాం. అడ్డంగా 400, నిలువుగా 300 పిక్సెళ్లు, ఏటవాలుగా 500 పిక్సెళ్ల దూరం. దీన్ని 25 అడుగులుగా విడగొడితే అడుగుకు అడ్డంగా 16, నిలువుగా 12 పిక్సెళ్లు పడతాయి. అడుగుకు 20 మిల్లీసెకన్ల చొప్పున మొత్తం ప్రయాణం అర సెకనులో పూర్తవుతుంది, చూడటానికి హాయిగానూ ఉంటుంది. ఇదే దూరాన్ని 30 అడుగులుగా విడగొట్టి, ప్రతి అడుగుకూ నిర్ణీత సంఖ్యను కూడుతూ పోయే పద్ధతిలో రాస్తే చిక్కు వస్తుంది. 400ను 30తో భాగిస్తే వచ్చే 13.33లో దశాంశాలు వదిలేస్తే 30 అడుగుల తర్వాత చేరేది 390 పిక్సెళ్ల దూరమే, గమ్యం ఇంకా 10 పిక్సెళ్లు ఉండగానే పాయింటర్ ఆగిపోతుంది. చిన్న బటన్ అయితే అంచు తప్పిపోయినట్టే. కాబట్టి ప్రతి అడుగులోనూ మొదటి స్థానం నుంచే లెక్క కట్టాలి: ఎన్నో అడుగో దాన్ని మొత్తం దూరంతో గుణించి, అడుగుల సంఖ్యతో భాగించి, ఆఖరున మాత్రమే పూర్ణాంకానికి సవరించాలి.

అడుగుల మధ్య విరామానికి టైమ్ మాడ్యూల్‌లోని స్లీప్ వాడకూడదు. అది నడుస్తున్నంతసేపూ విండో బిగుసుకుపోతుంది, వార్ప్ కూడా జరగదు. ఒక అడుగు వేసే ఫంక్షన్ రాసి, అది తన పని ముగియగానే ఆఫ్టర్ మెథడ్‌తో 20 మిల్లీసెకన్ల తర్వాత తననే మళ్లీ పిలిపించుకునేలా చేయాలి.

ఇక నేను అన్నిటికన్నా ముఖ్యమని నమ్మే సంగతి. పాయింటర్ మనిషి చేతికి చెందినది, స్క్రిప్టు దాన్ని కాసేపు అరువు తీసుకుంటుందంతే. ఆ మనిషి మౌస్‌ను కదిపిన మరుక్షణం స్క్రిప్టు చేయి తీసేయాలి. దీనికి పెద్ద ఏర్పాటేమీ అక్కర్లేదు. ప్రతి అడుగు వేసే ముందు, పోయిన అడుగులో పాయింటర్‌ను ఎక్కడ వదిలామో, ఇప్పుడు నిజంగా ఎక్కడుందో పోల్చి చూడాలి. తేడా 3 పిక్సెళ్లు దాటితే వేరే చేయి దాన్ని కదిపినట్టు లెక్క, అక్కడితో ప్రయాణం రద్దు చేసి ఆఫ్టర్ గొలుసును ఆపేయాలి. తేడా సున్నా ఉండి తీరాలని పట్టుబట్టకూడదు, ఎందుకంటే తెర స్కేలింగ్ ఉన్నచోట ఒకటి రెండు పిక్సెళ్లు అటూ ఇటూ సర్దుబాటు అవుతాయి. అలాగే ప్రదర్శన మొదలుపెట్టే ముందు పాయింటర్ స్థానాన్ని దాచుకుని, పని పూర్తయ్యాక అక్కడికే తిరిగి చేర్చడం మర్యాద. దాచుకున్నది తెర లెక్క కాబట్టి తిరిగి చేర్చేటప్పుడు విండో రూట్‌ఎక్స్, రూట్‌వైలను తీసివేయడం మరవవద్దు. వాడేవారే మధ్యలో ప్రదర్శనను ఆపేసి ఉంటే మాత్రం తిరిగి చేర్చకూడదు, పాయింటర్ అప్పటికే వారి చేతిలో ఉంది.

అంతులేని లాగుడు

గుండ్రటి నాబ్‌ను తిప్పే విడ్జెట్లలోనూ, త్రీడీ బొమ్మను మౌస్‌తో తిప్పి చూసే కాన్వాస్ (బొమ్మలు గీసే విడ్జెట్) లోనూ పాయింటర్ తెర అంచుకు తగలగానే లాగుడు ఆగిపోతుంది. ఆగకుండా ఉండాలంటే పాయింటర్‌ను మళ్లీ మళ్లీ కాన్వాస్ మధ్యకు తెచ్చుకోవాలి. ఇక్కడ జాగ్రత్త తప్పితే బొమ్మ పిచ్చిపట్టినట్టు గెంతుతుంది. కారణం ఇది: మోషన్ బైండింగ్ లోపలి నుంచే వార్ప్ అడిగినప్పుడు ఆ కల్పిత మోషన్ ఈవెంట్ అదే బైండింగ్‌ను మళ్లీ పిలుస్తుంది, ఆ తర్వాత పాయింటర్ నిజంగా కదిలినప్పుడు ఇంకో ఈవెంట్ వస్తుంది, ఈ రెండింటి మధ్యలో చేతి కదలిక వల్ల పుట్టి వరుసలో నిలబడ్డ పాత ఈవెంట్లు కూడా వచ్చి పడతాయి.

నాకు నిలకడగా పనిచేసిన పద్ధతి చెబుతాను. ప్రతి ఈవెంట్‌కూ మధ్యకు లాగకుండా, పాయింటర్ మధ్య నుంచి 100 పిక్సెళ్లు దాటినప్పుడు మాత్రమే లాగాలి. కదలికను ఎప్పుడూ కిందటి స్థానంతో పోల్చి లెక్కించాలి. వార్ప్ అడిగే ముందు ఒక జెండా చరరాశిని ఎత్తి, ఈవెంట్ జనరేట్ ముగియగానే దించాలి. జెండా ఎత్తి ఉన్నప్పుడు వచ్చిన పిలుపు మనం పుట్టించినదే కాబట్టి దాన్ని వదిలేయాలి. ఆ తర్వాత మధ్య నుంచి 50 పిక్సెళ్ల లోపు ఉన్న ఈవెంట్ ఒకటి వచ్చేవరకూ దూరంగా ఉన్న ఈవెంట్లన్నిటినీ పాతవిగా భావించి పక్కన పెట్టాలి. అలా దగ్గరగా వచ్చిన మొదటి ఈవెంట్‌ను కదలికగా లెక్కించకుండా, కొత్త ‘కిందటి స్థానం’గా మాత్రమే రాసుకోవాలి. లాగుతున్నంతసేపూ కాన్వాస్ కర్సర్‌ను ‘నన్’ అని పెట్టి కనబడకుండా చేస్తే ఈ వెనక్కి లాగడం ఎవరి కంటా పడదు.

ఆకారం మార్చడం

కర్సర్ ఆప్షన్‌కు పేరు ఇస్తే ఆకారం మారుతుంది. లినక్స్‌లో విండోలను చూపించే ఎక్స్ విండో సిస్టమ్ కర్సర్ ఫాంట్‌లోని 77 ఆకారాల పేర్లనే టీకే వాడుకుంటుంది, వాటిలో సాలీడు, పడవ కూడా ఉన్నాయి. నిత్యం అక్కరకొచ్చేవి యారో, వాచ్, క్రాస్‌హెయిర్, హ్యాండ్2, ఎక్స్‌టర్మ్ లాంటి కొద్ది పేర్లే. ‘వెయిట్’ అనే పేరు విండోస్‌లో, మ్యాక్‌లో ఉంది కానీ లినక్స్‌లో లేదు, అక్కడ దాన్ని ఇస్తే టీసీఎల్ (టీకే వెనక ఉన్న భాష) ఎర్రర్ వస్తుంది. ‘వాచ్’ విండోస్, లినక్స్ రెండు చోట్లా నడుస్తుంది కనుక దాన్నే వాడటం క్షేమం.

పని జరుగుతున్నప్పుడు ప్రధాన విండోకు వాచ్ పెట్టినా, ఎంట్రీ, టెక్స్ట్ విడ్జెట్ల మీదకు వెళ్లగానే మళ్లీ టైపింగ్ గుర్తు కనబడటం చాలామందికి ఎదురయ్యే అనుభవం. తమకంటూ కర్సర్ పెట్టుకోని విడ్జెట్లే తల్లి విండో ఆకారాన్ని తీసుకుంటాయి, ఎంట్రీ, టెక్స్ట్‌లకు ఎక్స్‌టర్మ్ ముందే పెట్టి ఉంటుంది. ఒక్కో విడ్జెట్‌కూ మార్చి మళ్లీ వెనక్కి తేవడం కన్నా, పైథాన్ 3.13 నుంచి టికింటర్‌లో చేరిన టీకే బిజీ హోల్డ్, టీకే బిజీ ఫర్గెట్ మెథడ్లు వాడటం మేలు. ఇవి విండో మీద కనిపించని పొర పరిచి, క్లిక్కులను అడ్డుకుని, గడియారం గుర్తు చూపిస్తాయి. మ్యాక్‌లో మాత్రం వీటి ప్రభావం ఉండదు. కీబోర్డు ఫోకస్‌ను విడిగా వేరే చోటికి మార్చాలి, లేకపోతే అప్పటికే ఫోకస్ ఉన్న గడిలోకి టైపింగ్ పడుతూనే ఉంటుంది. ఫర్గెట్‌ను ఫైనలీ బ్లాకులో పెట్టండి, మధ్యలో ఎర్రర్ వస్తే విండో ఎప్పటికీ బిజీగానే ఉండిపోతుంది. పని మొదలుపెట్టే ముందు ఒకసారి అప్‌డేట్ పిలవకపోతే గుర్తు మారకముందే పని ప్రారంభమవుతుంది.

పాయింటర్‌ను కదపకుండానే క్లిక్

పరీక్షల కోసం స్క్రిప్టు రాసేవారికి నా సలహా పాయింటర్ జోలికి పోవద్దనే. మామూలు టీకే బటన్ మీద బటన్‌ప్రెస్, బటన్‌రిలీజ్ ఈవెంట్లు మాత్రమే పుట్టిస్తే కమాండ్ నడవదు, ముందు ఎంటర్ ఈవెంట్ కూడా పుట్టించాలి, ఎందుకంటే పాయింటర్ తన మీదకు వచ్చిందో లేదో ఆ బటన్ గుర్తుపెట్టుకుంటుంది. కమాండ్ నడిస్తే చాలనుకుంటే ఇన్వోక్ మెథడ్ ఒక్కటే సరిపోతుంది.

ఇతర ప్రోగ్రాముల విండోల్లో పాయింటర్‌ను నడపాలంటే పైఆటోగుయ్ లాంటి లైబ్రరీ అవసరం. దానిలో పాయింటర్‌ను తెర మూలకు తోస్తే స్క్రిప్టు ఆగిపోయే ఏర్పాటు ముందే ఉంది, దాన్ని ఎప్పుడూ తీసేయవద్దు. విండోస్‌లో 150 శాతం స్కేలింగ్ ఉన్న తెర మీద టికింటర్ లెక్కలో 200 అన్నది స్క్రీన్‌షాట్ లెక్కలో 300 కావచ్చు, రెండింటి అంకెలూ కలిపి వాడాలంటే మొదటి విండో తయారయ్యే ముందే ప్రాసెస్‌కు డీపీఐ అవగాహన ఇప్పించాలి, అంటే తెర స్కేలింగ్‌ను తానే లెక్కలోకి తీసుకుంటానని అది విండోస్‌కు చెప్పాలి. లినక్స్‌లో ఎక్స్‌కు బదులుగా వచ్చిన వేలాండ్ అనే తెర వ్యవస్థ సెషన్ నడుస్తుంటే, అప్లికేషన్లు పాయింటర్‌ను ఇష్టమైన చోటుకు జరపకూడదన్నది ఆ వ్యవస్థ మూల నిర్ణయం కాబట్టి, వార్ప్ అడిగినా పాయింటర్ కదలకపోవచ్చు. కోడ్‌లో తప్పు వెతకడానికి ముందు, లాగిన్ తెరలో ఎక్స్ సెషన్ ఉంటే దాన్ని ఎంచుకుని అదే స్క్రిప్టును ఒకసారి నడిపి చూడండి.